గడ్డిమోపు ఎత్తిన బాలింత

గిన్నె నేలకు తగిలిన చప్పుడు వచ్చింది. దాని వెనకే రావలసిన మాట రాలేదు.

ఐకారువా మంచం మీద నుంచే తొంగి చూసింది. మ్టోరి పొగలు కక్కుతోంది. అరటికాయలూ ఎముక మాంసమూ కలిపి, గరిటెతో మెదిపి మెదిపి జావలా చేసిన పథ్యం అది. మూలుగున్న ఎముక, కుండలో ఉన్నవాటిలోకెల్లా పెద్దది, ఎప్పటిలాగే తన గిన్నెలోనే ఉంది. కోపం వచ్చిన మనిషి ఎముక తగ్గించలేదు, ఉప్పు మరవలేదు. మాట ఒక్కటే మానేసింది.

"అత్తయ్యా!"

అత్తగారు గుమ్మం దగ్గర ఆగింది. ఐకారువాకి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆవిడ ఆగింది కోడలి పిలుపుకి కాదు. ద్వారబంధం పట్టుకుని ఒక్కసారి ఊపిరి తీసుకుంది. కుడి తుంటి మీద చెయ్యి వేసుకుని గడప దాటింది. వెళ్ళిపోయింది.

మొన్నటి దాకా అదే గుమ్మంలో నిలబడి, "నా మొగుడు లేచాడా?" అని కేకేసేది. మొగుడంటే మతాయో. పోయిన తాతగారి పేరు పెట్టిన మనవడు. "పాలు తాగి పడుకోవడం తప్ప నా మొగుడికి ఇంకో పని రాదు. ఆ పాత మొగుడూ అంతే!" అని తనే నవ్వేది.

ఇవాళ ఆ మొగుడిని కూడా పలకరించలేదు. రేపే క్రిస్మస్.

మధ్యాహ్నం కాకముందే మంకా వచ్చింది. ఇంటికి పెద్ద ఆడపిల్ల, అరూషాలో బట్టల దుకాణం. పండగకి కొండ మీది కన్నవారింటికి రావడమంటే ఆమెకి రెండు సంచుల బియ్యం, ఒక సంచి గొంతు. ముంగిట్లోంచే మొదలుపెట్టింది.

"ఏమే ఐకా, మా అమ్మ నోటికి తాళం వేశావట! తాళంచెవి ఎక్కడ పారేశావు?"

"మెల్లిగా వదినా, బాబు పడుకున్నాడు."

"పడుకోనీ. వాడి మేనత్త గొంతు వాడికి అలవాటు కావాలి." మంకా మంచం అంచున కూర్చుంది. గొంతు తగ్గించింది. "బస్సు దిగీ దిగగానే ముగ్గురు చెప్పారు నాకు. అనయేలి అమ్మ ఇంట్లో బాలింత గడ్డి మోస్తోందట. అది నెత్తిన మోపుతో ముందు నడుస్తుంటే అత్త వెనకాల చేతులూపుకుంటూ వస్తోందట. నిజమేనా?"

అనయేలి అమ్మ అంటే అత్తగారే; పెద్దకొడుకు పేరుతోనే ఊరు ఆవిడని పిలుస్తుంది. ఐకారువా తలవంచుకుంది. "నిజమే."

"పిచ్చిదానా! పురిటిగది దాటకూడదని తెలీదూ? నువ్వేమైనా పరదేశివా? ఇంకో మూడు రోజులు ఓపిక పట్టుంటే రేపు పండగ పూట అమ్మే నిన్ను ముస్తాబు చేసి, పక్కన నడిపించి చర్చికి తీసుకెళ్ళేది కదా. ఈ గట్టంతా వచ్చి నీ బుగ్గలు చూసేది కదా. మూడు నెలలు కూర్చోబెట్టి మేపింది దాని కోసమే కదే!"

"తెలుసు."

"తెలిసి ఎందుకు ఎత్తావు?"

ఆ ప్రశ్నకి జవాబుంది. ఐకారువా గొంతులోనే ఉంది.

మొన్న కిటికీలోంచి అరటితోట వంక చూస్తూ కూర్చుంది తను. కింది మైదానం నుంచి గడ్డిమోపుతో అత్తగారు వస్తోంది. కాఫీ చెట్ల మలుపులో మోపు దించింది. మళ్ళీ ఎత్తబోయింది. లేవలేదు. చెట్టు పట్టుకుని నిలబడి, చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారణ చేసుకుని, ఇంకోసారి వంగింది. మోకాళ్ళ మీద పడిపోయింది.

బాబు నిద్రలో ఉన్నాడు. ఐకారువాకి గది గుర్తు రాలేదు, గడప గుర్తు రాలేదు. పరిగెత్తింది. అత్తగారిని లేపింది. మోపు తన నెత్తిన పెట్టుకుంది. పశువులకొట్టం ఇంకా రాకముందే పైగట్టు పొరుగావిడ సంతకి పోతూ ఎదురైంది. చూడవలసిందంతా చూసింది.

ఆ పొరుగావిడ వెళ్ళాక అత్తగారు అన్న మాట ఒక్కటే. "నువ్వు చూసింది ఏమీ లేదు." అదే ఆఖరు. ఆ తరవాత ఆవిడ తనతో నోరు విప్పలేదు.

"ఊరికే... ఆవిడ పని చేస్తుంటే కూర్చోలేక ఎత్తాను వదినా," అంది ఐకారువా.

మంకా గిన్నె ఆమె ముందుకు జరిపింది. "మా అమ్మ సంగతి నీకు పూర్తిగా తెలీదు. నేను పుట్టిన వారానికే మా నానమ్మ ఆవిడ చేతికి కొడవలి ఇచ్చి గడ్డికి పంపిందట. పచ్చి ఒంటితో కింది దాకా దిగి, మోపు ఎత్తుకుని ఎక్కిందట. ఇప్పటికీ వానాకాలంలో నడుం పట్టుకుంటుంది. నా ఇంటికొచ్చిన బాలింత నెత్తిన గడ్డిపోచ పడనివ్వను అని ఒట్టేసుకుంది. పెద్ద వదినకి అలాగే చేసింది, నీకూ చేసింది. ఆవిడ జీవితానికి అదొక్కటే గొప్ప."

ఐకారువా గిన్నె ఒడిలోకి తీసుకుంది కానీ తినలేకపోయింది. ఈ గదిలో తన పొట్టకి గుడ్డ బిగించి కట్టిన చేతులు, వెన్నతో కాళ్ళు రుద్దిన చేతులు, బాబు ఏడిస్తే తనకంటే ముందు లేచిన మనిషి. కన్నతల్లి చిన్నప్పుడే పోయింది. మళ్ళీ ఇన్నేళ్ళకి ఒకరు తన జుట్టు విప్పి, దువ్వి, జడలల్లారు. ఆ మనిషి గొప్పని తనే గట్టంతా చూసేలా నేలపాలు చేసింది. అదీ, ప్రేమతో.

సిఫుయేలి తలుపులోంచి తల పెట్టాడు. చేతులకి మేక రక్తం. పెరట్లో పండగ మేకని కోస్తున్నాడు.

"ఇంకోసారి క్షమాపణ అడగరాదూ?" అన్నాడు భార్యతో.

"అడిగాను."

"గట్టిగా అడుగు."

"గట్టిగా అడిగితే పోట్లాట అంటారు."

"ఒరేయ్, నువ్వు మేక సంగతి చూసుకో," అంది మంకా. "అదైతే నువ్వు ఏం చెప్పినా వింటుంది ఇప్పుడు."

సిఫుయేలి నవ్వలేదు. "అమ్మ రేపు చర్చికి రానంటోంది. ఇప్పుడే చెప్పింది. బాలింత ఎప్పుడో బయటికొచ్చేసింది, మళ్ళీ కొత్తగా చూపించేదేముంది అంటోంది."

అత్త పక్కన లేకుండా బాలింత బయటికి రావడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. ఇంట్లోంచి గెంటేసినట్టు లెక్క. అనుకునే నోళ్ళు అత్త పెట్టలేదనీ అనుకోవచ్చు, కోడలు తిన్న విశ్వాసం మరిచిందనీ అనుకోవచ్చు. కొత్త సంవత్సరం రాగానే వాళ్ళు దార్ ఎస్ సలామ్ వెళ్ళిపోతారు. అక్కడ సిఫుయేలికి గోదాములో పని, ఐకారువాకి బడిలో పాఠాలు. ఆ మాట మాత్రం ఈ గట్టు మీదే ఉండిపోతుంది, అత్తగారితో పాటు.

మంకా లేచింది. "ఇంక దారి ఒక్కటే. కంచెలోంచి ఇసాలె ఆకు కోసుకురా. ముడి వెయ్యి. రెండు చేతుల్లో పట్టుకెళ్ళు. ఆ ఆకు పట్టుకొచ్చిన మనిషిని కాదనడం ఈ కొండ మీద పుట్టినవాళ్ళెవరి తరమూ కాదు."

"కాదనలేక ఒప్పుకుంటే అది క్షమించడమెలా అవుతుంది వదినా?"

"అబ్బో, పంతులమ్మ! ప్రశ్నలు బాగా వేస్తావు. ముందు ఆకు కొయ్యి, ప్రశ్న తరవాత వేద్దువుగాని."

సాయంత్రం పాలు పితికే వేళకి ఐకారువా కొట్టంలోకి వెళ్ళింది. పొడుగాటి పచ్చని ఆకు, మధ్యలో ముడి, రెండు చేతుల మధ్య. అత్తగారు చిన్న పీట మీద ఆవు పొట్టకి తల ఆనించి కూర్చుంది. పాలధార చెంబులో పడుతోంది.

ఐకారువా వంగి ఆకు చాపింది.

ధార ఆగింది.

ఆవిడ ఆకు వంక చూసింది, కోడలి వంక చూడలేదు. తడి చేతులు గుడ్డకి తుడుచుకుని, ఆకు అందుకుని, ఒళ్ళో పెట్టుకుంది.

"దేనికిది?"

రెండు రోజుల తరవాత విన్న మొదటి మాట. ఐకారువాకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "గడ్డి ఎత్తినందుకు అత్తయ్యా."

"ఎత్తగలిగిన పిల్ల ఎత్తినందుకు ఆకు తెచ్చింది. మరి ఎత్తలేకపోయిన ముసలిది ఎవరికి తీసుకెళ్ళాలి ఆకు?"

"నేను ఎవరికీ చెప్పలేదు."

"తెలుసు. చెప్పుంటే ఈపాటికి అనయేలిగాడికి ఫోన్లు వెళ్ళేవి. కారేసుకొచ్చి నన్ను అందులో పడేసి ఆస్పత్రికి తోలుకెళ్ళేవాళ్ళు." మళ్ళీ పాలు పితకడం మొదలుపెట్టింది. "పిల్లలు ఏడాదికొక్కసారి వస్తారు. వచ్చిన నాలుగు రోజులూ నా తుంటి ఎముక గురించి మాట్లాడుకుంటే, ఇంక పండగెక్కడిది?"

"ఆకు పుచ్చుకున్నారుగా. మరి రేపు వస్తారా?"

ధార సాగుతూనే ఉంది. చెంబు నిండింది. ఆవిడ దాన్ని పక్కన పెట్టింది. లేవలేదు.

"ఆ చర్చి గట్టు ఎక్కలేనే, పిల్లా."

ఐకారువా పీట దగ్గరికి జరిగింది.

"కోపం లేదనను," అంది అత్తగారు. "ఉంది. నెత్తిన మోపుతో నిన్ను చూసినప్పుడు నన్ను నేను చూసుకున్నట్టయింది. కానీ కోపం నిన్న మధ్యాహ్నానికే చల్లారింది. తరవాత ఆలోచించాను. కోపంతో రాలేదని అనుకోనీ. అనయేలి అమ్మ కోపిష్టిది అంటే పడతాను, నలభై ఏళ్ళుగా పడుతున్నాను. కుంటిది అంటే పడను."

ఐకారువాకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆ రెండింటి మధ్యలో ఆవు పక్కన గడ్డి మీద చతికిలబడింది.

"లే, లే! బాలింతవి, పేడలో కూర్చుంటావా!"

"అత్తయ్యా, బాలింతని మొదటిసారి బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఎలా నడిపిస్తారు? పరిగెత్తిస్తారా?"

"పరిగెత్తించడమేమిటి? అడుగు తీసి అడుగు వేయిస్తారు."

"దారిలో ఇల్లొస్తే?"

"ఆగుతారు. బిడ్డని చూపిస్తారు. వాళ్ళు చల్లగా ఉండమని ఉమ్మి దీవిస్తారు. మళ్ళీ..." ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది.

"గట్టు మీద ఇళ్ళు చాలానే ఉన్నాయి కదా," అంది ఐకారువా. "మీరు నా మోచెయ్యి పట్టుకోండి. అత్త కోడల్ని పట్టుకుని నడిపిస్తోంది అంటారు. ఎవరి బరువు ఎవరి మీదుందో చూడొచ్చేదెవరు?"

అత్తగారు అప్పుడు చూసింది ఆమె కళ్ళలోకి.

"చదువుకున్న కోడలు వద్దురా అని మొత్తుకున్నాను ఆ రోజుల్లో."

"అన్నారా?"

"అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు తెలిసింది." చెయ్యి చాచింది. "పట్టు, లేపు. ముందు చెంబు తీసుకో, పాలు ఒలికితే ఈసారి నిజంగానే మాట్లాడను."

క్రిస్మస్ పొద్దున్న ఇంట్లో గొంతులన్నీ తిరిగి వచ్చాయి. అత్తగారు కోడలి ఒంటికి నూనె రాసింది. ఇద్దరికీ ఒకే తానులోంచి కుట్టించిన ఎర్రపూల గౌన్లు మంకా తెచ్చింది. అత్తగారు తన పెళ్ళినాటి పూసలు తీసి కోడలి మెడలో వేసింది. వేస్తూ, "ఇచ్చెయ్యాలి సుమా," అంది. కాసేపాగి, "నేనడిగితేనే," అంది.

పెద్దకొడుకు అనయేలి కారు తుడిచి ముంగిట్లో పెట్టాడు. "ఎక్కండి, గట్టెక్కిస్తాను."

"బాలింతని డబ్బాలో పెట్టి తీసుకెళితే ఎవరికి కనబడుతుందిరా? నువ్వు ముందు పద. మేం నడిచొస్తాం."

నడిచారు. ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, మెల్లిగా, గర్వంగా. మొదటి ఇంటి ముందే ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ లులులులు అని కేకలు పెట్టారు. "బుగ్గలు చూడండే! పండిన అరటిగెలలా ఉంది పిల్ల!" అని ఒకామె, "అరటిగెలకి బుగ్గలేమిటే, నీ మాటకి తలా తోకా లేదు," అని ఇంకొకామె. మతాయో ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి వెళ్ళాడు. ఐకారువా ఇంటింటి ముందూ అత్తగారి ఊపిరి వింటూ, అది సర్దుకున్నాకే, "ఇంక వెళదామా?" అనేది.

పైగట్టు పొరుగావిడ కంచె మీదికి వంగింది. "గడ్డి మోసినా బాలింత తగ్గలేదే!"

"నా ఇంట్లో తిన్న మనిషి," అంది అత్తగారు, "గడ్డి కాదు, ఆవునే మోస్తుంది."

కంచె అవతల నవ్వులు. పొరుగావిడ కూడా నవ్వక తప్పలేదు. ఐకారువాకి ఆ నవ్వు ఒంట్లో వెచ్చగా పాకింది. ఇంత కడుపు నిండిన పండగ తన జీవితంలో లేదనిపించింది. దేవుడికి చెప్పుకోవలసినదానికి చర్చి దాకా వెళ్ళక్కర్లేదు, ఇక్కడే చెప్పుకుంది.

కాలువ మీది దుంగ దాటారు. అక్కడి నుంచి దారి నిటారుగా లేస్తుంది. ఇళ్ళు లేవు. ఆగడానికి వంక లేదు. పైన చర్చి ముంగిట్లో వీళ్ళ కోసం పాట మొదలైంది.

నాలుగడుగులు వేశారో లేదో మోచేతి మీది పట్టు బిగిసింది. గోళ్ళు దిగాయి.

"ఐకా. ఆగు."

ఆగింది. అత్తగారి నుదుట చెమట. పెదవి పంటి కింద ఉంది. "కూర్చుంటే లేవలేను. పట్టుకో. అంతే. పట్టుకునుండు."

అన్న కారులో ముందే వెళ్ళిన సిఫుయేలి పైనుంచి చూశాడు. దారి పక్క రాళ్ళు దొర్లిస్తూ దిగి వచ్చాడు. అతని వెనక పాడుతున్నవాళ్ళలో కొందరు మెడలు చాచారు.

"ఏమైంది? ఎందుకాగారు?"

"నాకే," అంది ఐకారువా గబగబా, "కాస్త ఆయాసంగా..."

"ఏయ్!" అత్తగారి గొంతు గట్టంతా వినబడింది. "ఆయాసమా? ఎవరికి? మూడు నెలలు నా చేతి మ్టోరి తిన్న పిల్లకి ఆయాసమా? ఆ పైగట్టుది విందంటే రేపు సంతలో డప్పు కొడుతుంది!" తరవాత గొంతు దిగింది. కొడుకు ముఖం చూడకుండా చెప్పింది. "దానికేం కాలేదు. రాయిలా ఉంది. నాకే, తుంటి. కాలు పడటం లేదు."

"ఎప్పటి నుంచి?"

"వానల ముందు నుంచి."

"ఫోన్లో ఒక్కసారైనా..."

"ఫోన్లో తుంటి కనబడదురా."

సిఫుయేలి భార్య వైపు తిరిగాడు. ఆమె కళ్ళు దించుకుంది. అతనికి అర్థమైంది. గడ్డిమోపు ఎవరు ఎందుకు ఎత్తారో మొత్తం అర్థమైంది. తల్లి రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"సరే. ఆస్పత్రిలో చూపిద్దాం. తరవాత మాతో దార్ వచ్చెయ్యి. ఇంక ఒక్కదానివీ ఇక్కడ వద్దు."

"ఆవు?"

"అమ్మేద్దాం."

"తోట? మీ నాన్న సమాధి? అదీ అమ్ముతావా?"

"అమ్మా, పండగపూట..."

"పండగపూట నువ్వే మొదలుపెట్టావు!"

గట్టు కిందికి, పొగ లేస్తున్న ఇంటి వైపు చూసింది అత్తగారు, ఎవరో అప్పుడే లాక్కుంటున్నట్టు.

"ఆవిడ రానక్కర్లేదు," అంది ఐకారువా. "జనవరిలో నేనే రావడం లేదు. బాబూ నేనూ ఇక్కడే ఉంటాం."

పైన పాట సాగుతోంది.

"నీ ఉద్యోగం?" అన్నాడు సిఫుయేలి.

"ఈ కొండ మీదా పిల్లలకి పాఠాలు చెప్పేవాళ్ళు కావాలి. బదిలీ అడుగుతాను."

"ఎప్పుడనుకున్నావు ఇదంతా? నాతో ఒక్క మాటైనా..."

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా ఆమెకే తెలీదు. వచ్చాక చూసుకుంటే వెనక్కి తీసుకోవాలనీ లేదు.

"నిన్నెవరు ఉండమన్నారే?" అంది అత్తగారు. చాలా కోపంగానే అంది. పట్టు మాత్రం వదల్లేదు.

సిఫుయేలి తల్లి చెయ్యి నెమ్మదిగా వదిలాడు. ఐకారువా వీపు మీది గుడ్డ ముడి విప్పి, కొడుకుని తన భుజాన వేసుకున్నాడు. వెనక్కి చూడకుండా గట్టెక్కడం మొదలుపెట్టాడు.

"పిలువు వాణ్ణి," అంది అత్తగారు.

ఐకారువా నోరు తెరిచింది. పైనుంచి ఆడవాళ్ళు పాడుకుంటూ, చేతులు చాచి, బాలింతకి ఎదురు దిగి వస్తున్నారు. ఆ కేకల్లో ఆమె పిలిచిన పేరు అతనికి వినబడిందో, వినబడీ ఆగలేదో తెలీలేదు.